లోపలి గడియ

చిన్నపోలయ్య సముద్రం నీళ్ళు తాగి ఒడ్డున పడిపోయాడన్న కబురు వచ్చేసరికి అతని కోడలు వనజాక్షి రొయ్యల షెడ్డులో ఐసు ముందు కూర్చుని తలకాయలు తీస్తోంది. కబురు తెచ్చిన ఆదెయ్య, వాళ్ళ జాలరి పాళెంలోనే పడవ యజమాని, గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు. ఆమె చేతిలో ఉన్న రొయ్యకు తల తీసింది. దాన్ని బేసిన్‌లో వేసింది. చేతులు కడుక్కుని అప్పుడు లేచింది. పక్కనున్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళను అనుకుని లాభం లేదు, అలాంటి కబురు వింటే ఎవరైనా గుండెలు బాదుకుంటూ పరిగెత్తాల్సిందే. పొద్దస్తమానం ఐసులో పెట్టిన వేళ్ళు ఎలా ఉంటాయో వనజాక్షికి లోపల కూడా అలాగే ఉంది, రెండేళ్ళుగా.

కావలి ఆసుపత్రిలో పోలయ్యకు సెలైను ఎక్కుతోంది. పెదాలు ఎండి పగిలిపోయాయి. పిక్కలు పట్టేస్తున్నాయని మూలుగుతున్నాడు. మంచం పక్కన నర్సు రెబెక్కమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం పెద్దాయనా, నేనిచ్చిన మందు పొడి ఏంజేసినావు?"

పోలయ్య నీళ్ళు నమిలాడు.

"ఇంట్లోనే ఉండాది."

"ఇంట్లో మందు పెట్టుకోని సముద్రం నీళ్ళెందుకు తాగినావయ్యా?"

"అదీ ఉప్పే, ఇదీ ఉప్పే గదా తల్లీ. మా నాయన కడుపు బిగిస్తే సముద్రం నీళ్ళు రెండు దోసిళ్ళు తాగేవోడు. కాసేపటికే ఖాళీ అయ్యేది. నాకు పేగులంతా కడిగెయ్యాలన్నారు గదా అని చెంబుతో తాగినా."

దోసిళ్ళతో కడుపు సర్దుకుంటే చెంబులతో పేగు అద్దంలా తయారవుతుందన్నది ఆయన లెక్క. సముద్రం మీద బతికినవాడికి తప్ప ఇంకొకరికి ఈ తెలివి పుట్టదు. వానలు పట్టినప్పటి నుంచి దొడ్డికి పోతే నెత్తురు పడుతోంది. ఆ సంగతి కోడలికి చెప్పలేక దాచుకున్నాడు. మనిషి పాలిపోవడం చూసి ఆదెయ్యే బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కొచ్చాడు. కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి పెద్దపేగు మొత్తం చూడాలి, అది చూడాలంటే ముందు పేగు శుభ్రంగా ఖాళీ కావాలి అని డాక్టరు చెప్పి పంపాడు. పరీక్ష ఈ రోజే జరగాల్సింది. ఇప్పుడు పరీక్ష పోయి సెలైను మిగిలింది.

రెబెక్కమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం కాస్త దిగినట్టుంది.

"చేపకు ఉప్పు పట్టిస్తే ఏమవుతాది, చెప్పు."

"నీళ్ళొదిలేస్తాది. ఎండిపోతాది."

"నీకూ అదే అయింది. నీ నెత్తుట్లో ఉండే ఉప్పుకంటే సముద్రంలో మూడు నాలుగింతలుంటాది. అది పేగుల్లోకి పోయి నీ ఒంట్లో నీళ్ళను గూడా లాక్కోని బయటికి పోయింది. ఈ పొడి అట్టా కాదు. నువ్వు తాగిన నీళ్ళను పేగు పీల్చుకోకుండా పట్టుకుంటాది. ఆ నీళ్ళే లోపలంతా కడుక్కుంటా వచ్చేస్తాయి. దాంట్లో ఉప్పులు కొలిచేసి ఉంటాయి కాబట్టి నీ ఒంట్లోది నీ ఒంట్లోనే ఉంటాది. అర్థమైందా?"

పోలయ్య తల ఊపాడు. మందు పొడి ఇచ్చినప్పుడు కూడా ఆయన ఇలాగే తల ఊపాడని రెబెక్కమ్మకు గుర్తుంది. అందుకే ఈసారి వనజాక్షి వైపు తిరిగింది.

"వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారమ్మా డాక్టరుగారు. నెత్తురు పడతా ఉంటే నానబెట్టేది కాదు. లోపల చెడ్డది ఏదన్నా ఉంటే ఇప్పుడే పట్టుకోవాల. మందు తాగినాక పదే పదే పోవాల్సొస్తాది. ఇంట్లో లెట్రిన్ ఉందా?"

"ఉండాది," అంది వనజాక్షి.

పోలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

లెట్రిన్ ఉన్న మాట నిజమే. వనజాక్షిని పెళ్ళిచేసుకొచ్చిన ఏడాదే పోలయ్య కొడుకు మస్తాన్ సర్కారు పథకం కింద దాన్ని కట్టించాడు. కావలిలో పెరిగిన పిల్ల చెంబు పట్టుకుని సరుగుడు తోపుకు పోదని ఆఫీసు చుట్టూ తిరిగాడు, ఇటుకలు తనే మోశాడు. నీలం రంగు వేసిన తలుపు ముందు ఆఫీసరు నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాడు. అయితే సముద్రపు గాలికి లోపలివైపు గడియ ఏడాది తిరక్కుండానే తుప్పుపట్టి రాలిపోయింది. ఈ తూరి వచ్చేటప్పుడు తుప్పుపట్టని స్టీలుది తెస్తానని చెప్పి మస్తాన్ వేటకు పోయాడు. పడవ తిరిగొచ్చింది, పడవలో తక్కినవాళ్ళు వచ్చారు, వల వచ్చింది. వల లాగేటప్పుడు అల కొట్టి నీళ్ళలో పడిన మస్తాన్ మాత్రం రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

వల పోలయ్య సొంతం. దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడలేడు, ఒకరికి ఇచ్చెయ్యలేడు. భుజాన మోసుకెళ్ళి ఆ లెట్రిన్‌లో కుక్కి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కోడలి గాజులు పగలగొట్టడానికి వచ్చిన ముసలమ్మలను గుమ్మంలోనే నిలబెట్టి తిట్టి పంపాడు. శవం కళ్ళబడందే కర్మ చెయ్యనన్నాడు.

"ఈ ఇంట్లో ఎవురూ ఏడవబాకండి. ఏడిస్తే వాడు పోయినట్టే," అన్నాడు.

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆయన భార్య ఎప్పుడో పోయింది. కాబట్టి ఆ మాట వనజాక్షికే. ఆమె ఏడవలేదు. మొదట్లో పళ్ళ బిగువున ఆపుకుంది, తరవాత్తరవాత ఆపుకోవాల్సిన పని కూడా లేకుండా పోయింది. పుట్టింటికి పొమ్మన్నవాళ్ళు లేరు, ఇక్కడ ఉండమన్నవాళ్ళూ లేరు. నుదుట బొట్టుంది, చేతికి గాజులున్నాయి, పేరంటానికి మాత్రం ఎవరూ పిలవరు. రోజూ చీకటితో లేచి మిగతా ఆడవాళ్ళతో కలిసి సరుగుడు తోపుకు పోయి వచ్చి, వంట చేసి, షెడ్డుకు పోయేది. తలుపున్న గదిలో వల పడుకుంది, మనిషి తోపు పట్టింది. ఊళ్ళో ఎవరికీ ఇది వింతగా అనిపించకపోవడమే పెద్ద వింత.

ఇంటికి వచ్చిన సాయంత్రం అన్నం పెడుతూ వనజాక్షి అడిగింది.

"తాళంచెవి ఇయ్యి మామా. లెట్రిన్ కడగాల."

పోలయ్య వినపడనట్టు అన్నం కలుపుకున్నాడు. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగేది. ఆయన చెవిన వేసుకోకపోతే గిన్నెలు తీసుకుని లోపలికి పోయేది.

పరీక్షకు ముందు రోజు వచ్చింది. రెబెక్కమ్మ చెప్పిందంతా వనజాక్షి తు.చ. తప్పకుండా చేస్తోంది. ఆకుకూరలు, గింజలు ఆపి రెండు రోజులైంది. ఈ రోజు అన్నం కూడా లేదు. కొబ్బరినీళ్ళు, వడకట్టిన నిమ్మకాయ నీళ్ళు, నీళ్ళలో కలిపిన ఓఆర్ఎస్ పొడి, అంతే. గంజి తాగుతానని పోలయ్య అడిగితే అది తేటనీళ్ళ కింద లెక్కకు రాదని చెప్పింది. పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన ఎర్ర శరబత్తు వెనక్కి పంపేసింది, ఆ రంగు లోపల నెత్తురులా కనబడుతుందట. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం నుంచి మందు మొదలుపెట్టాలి. ఆమె ప్యాకెట్టు తెచ్చి వసారాలో ఆయన ముందు పెట్టి నిలబడింది.

"తాళంచెవి మామా."

పోలయ్య చాలాసేపు ప్యాకెట్టు వైపే చూశాడు.

"వాడొచ్చి వల యాడ అని అడిగితే ఏం జెప్పేది?" అన్నాడు చివరికి.

"వల అడిగితే నేను జెప్పుకుంటా. మా నాయన యాడ అని అడిగితే ఏం జెప్పాల్నో అది నువ్వు జెప్పు."

ఆమె ఆ మాట గొంతు పెంచి అనలేదు. అన్న తరవాత ఆమెకు ఆశ్చర్యంగానూ లేదు. పోలయ్య మాత్రం చెంప మీద కొట్టించుకున్నవాడిలా ఆమె వైపు చూశాడు. తరవాత పంచె మడత కిందికి చెయ్యి పోనిచ్చి, మొలతాడు ముడి విప్పడానికి తంటాలు పడ్డాడు.

తాళం తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు. కొబ్బరినూనె పోసి తిప్పితే వచ్చింది. తలుపు తీయగానే ఎండు చేప కంపు, ఎలుకల కంపు కలిసి కొట్టాయి. పోలయ్యకు లాగే ఓపిక లేదు. వనజాక్షి చీర బిగించి వల కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. ఎండిపోయిన పీత ఒకటి వల కన్నుల్లో ఇరుక్కుని ఉంది. వసారాలో కుప్ప పడ్డ వల పక్కన పోలయ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్క కన్నూ వేళ్ళతో తడుముతుంటే, ఆమె బ్లీచింగు పొడి చల్లి గది కడిగింది. మస్తాన్ చివరిసారి పట్టుకున్న వల తన చేతుల మీదుగా పోయింది కదా, ఏమన్నా అనిపిస్తుందేమో అని చూసుకుంది. చేతులు మండుతున్నాయి, అంతే.

మందు మొదలైంది. ప్యాకెట్టు మీద రాసినట్టే నీళ్ళు కొలిచి కలిపి గ్లాసులో పోసి ఇచ్చింది. పోలయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పూ కాదు, తీపీ కాదు. ఇదేం రుచి?"

"తాగు మామా. కాసేపాగి ఇంకో గ్లాసు."

మూడో గ్లాసు దాకా ఏమీ కాలేదు. తన కడుపు సముద్రం నీళ్ళకు తప్ప లొంగదని పోలయ్య అప్పుడే డాబులు మొదలుపెట్టాడు. నాలుగో గ్లాసు చేతిలో ఉండగానే లేచి పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. తలుపు ధడాలున మూసుకుంది. మళ్ళీ కొంచెం తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

"అమ్మాయ్! గడియ యాడుండాది?" లోపలి నుంచి ఆయన గొంతు.

"తుప్పుపట్టి రాలిపోయింది మామా," అంది వనజాక్షి పెరటి వైపు వీపు పెట్టి. "ఈ తూరి వచ్చేటప్పుడు స్టీలుది తెస్తానన్నాడు."

ఎవరు అన్నారో ఆమె చెప్పలేదు. మస్తాన్ చెప్పిపోయిన ఆ మాట ఆ ఇంట్లో ఒకరి నోట రావడం రెండేళ్ళలో ఇదే మొదలు. తరవాత లోపల కడుపు మాట కడుపు చెప్పడం మొదలుపెట్టింది. మామ ఎదురుగా మంచం మీద కూడా కూర్చోని కోడలు, కోడలి ముందు చొక్కా లేకుండా తిరగని మామ. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతోంది, వినబడుతోందని ఇద్దరికీ తెలుసు. వనజాక్షి ఇంట్లోకి పోయి టీవీ పెట్టింది. శబ్దం బాగా పెంచింది. ఆయన బయటికి వచ్చి కాళ్ళు కడుక్కున్న అలికిడి కాగానే తగ్గించింది.

ఆ సాయంత్రమంతా అదే సాగింది. గ్లాసు, పరుగు, టీవీ. మధ్యలో ఒంటికి సత్తువ ఉండాలని ఓఆర్ఎస్ నీళ్ళు. చెవుడొచ్చిందా అని పక్కింటి నుంచి ఎవరో కేకేశారు. ఎందుకు పెంచుతోందో పోలయ్యకు తెలిసిపోయింది. అయినా ఆమె వైపు చూడకుండానే గ్లాసు అందుకునేవాడు.

మిగతా సగం మందు తెల్లవారుజామున తాగాలి. పోలయ్య కళ్ళు గుంటలు పడ్డాయి. రెండు గ్లాసులు తాగి మూడోది పక్కకు నెట్టేశాడు.

"చాల్లే. వాంతి వచ్చేట్టుండాది. పోయేదంతా పోయింది."

"వాంతి వచ్చేట్టుంటే కాసేపు ఆగి తాగు. చేపకు సగం ఉప్పు పెట్టి వదిలేస్తే ఏమవుతాది మామా?"

పోలయ్య కళ్ళు మూసుకున్నాడు.

"పురుగు పడతాది," అని గొణిగాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని గ్లాసు అందుకున్నాడు. దాని తరవాతిదీ తాగాడు.

తూరుపు తెల్లబడేసరికి పోలయ్య లెట్రిన్‌లోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు కడుక్కోలేదు. నీళ్ళు కొట్టిన చప్పుడూ రాలేదు. వనజాక్షికి అర్థమైంది. చివరకు మూత్రంలా పసుపుగా, తేటగా రావాలని, నలకలు ఉంటే మళ్ళీ వెనక్కి పంపేస్తారని రెబెక్కమ్మ చెప్పింది. పెద్దాయనకు చూపు ఆనదు కాబట్టి నువ్వే చూడాలమ్మా అని ఆయన ముందే అంది. అప్పుడు పోలయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఆయన తల దించుకుని నేల వైపు చూస్తున్నాడు.

"నాకు రంగు తెలీడం లేదు అమ్మాయ్."

వనజాక్షి సెల్‌ఫోను లైటు వేసుకుని లోపలికి పోయింది. వంగి చూసింది. షెడ్డులో రొయ్యలు కడిగిన నీళ్ళు తేరాయో లేదో చూసినట్టే చూసింది. బకెట్టుతో నీళ్ళు కొట్టి బయటికి వచ్చింది.

"తేటగా ఉండాది మామా. నలక లేదు."

పోలయ్య భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా తువ్వాలు మొహం మీద నుంచి తీయలేదు. వనజాక్షి ఆటో పిలవడానికి వీధిలోకి పోయింది.

ఆసుపత్రిలో మత్తిచ్చి గొట్టం వేసి చూశారు. పేగు మొత్తం స్పష్టంగా కనబడిందని, ఇంత శుభ్రంగా వచ్చినవాళ్ళు తక్కువని డాక్టరు మెచ్చుకున్నాడు. లోపల కాడ మీద మొలిచిన బుడిపె ఒకటి ఉంటే అక్కడికక్కడే కోసి తీసి పరీక్షకు పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. అది ఇంకా కాన్సరు కాలేదు, వదిలేసి ఉంటే అయ్యేదే, ఇక భయం లేదు అన్నాడు డాక్టరు. మధ్యమధ్య వచ్చి చూపించుకోమన్నాడు. ఆదెయ్య డాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వనజాక్షి కారం ఎప్పటి నుంచి పెట్టొచ్చని అడిగింది. ఆమెకు సంతోషం కలగకపోలేదేమో, కలిగినా అది ఎక్కడో అడుగున ఉండిపోయింది, పైకి తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఆమె వసారాలో ఉన్న వలను మళ్ళీ లెట్రిన్ వైపు లాగబోయింది. అది అక్కడే ఉండాలి కదా అనుకుంది.

"వద్దు," అన్నాడు పోలయ్య.

ఆదెయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. పోలయ్య అతన్ని పిలిచి వల కొస చేతికిచ్చాడు.

"తీసుకుపోరా. చినిగిన కాడ బాగుచేయించి నీ పడవలో ఏసుకో. అది ఉండాల్సిన చోటు ఇది కాదు." వల కుప్పను అతని వైపు నెట్టాడు. "పెద్దోళ్ళకు గూడా చెప్పు. వాడికి చెయ్యాల్సింది చేసేద్దాం."

వంటింట్లో వనజాక్షి రసం తిరగమోత పెడుతోంది. ఆ మాట విన్నది. ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు వేసింది. ఇప్పుడన్నా ఏదో ఒకటి కావాలి కదా అని ఎదురుచూసింది. ఏమీ కాలేదు.

రెండు రోజుల తరవాత షెడ్డు నుంచి వచ్చేసరికి పోలయ్య పెరట్లో లెట్రిన్ తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరుంది. తలుపు లోపలివైపు కొత్త గడియ తళతళలాడుతోంది. చూపు ఆనక స్క్రూలు వంకరటింకరగా బిగించాడు గానీ గట్టిగానే బిగించాడు.

"కావలి పోయి తెచ్చినా. స్టీలుది. తుప్పు పట్టదంట," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "పో అమ్మాయ్. లోపలికి పోయి ఏసుకో."

"ఇప్పుడు పన్లేదు మామా."

"పన్లేదని తెలుసు. పోయి ఏసుకో. ఎంతసేపన్నా ఉండు."

ఆయన పీట తీసుకుని, గోడ పట్టుకుంటూ ఇంట్లోకి పోయాడు. వనజాక్షి చేతిలో అన్నం క్యారియరు కింద పెట్టి లోపలికి పోయింది. తలుపు వేసి గడియ జరిపింది. అది మెత్తగా, చప్పుడు లేకుండా పోయి కూర్చుంది. గోడ మీద పైన చిన్న కిటికీ లోంచి వెలుగు పడుతోంది. ఇంట్లో నుంచి టీవీ వినబడింది. తరవాత దాని శబ్దం పెరిగింది.

ఎందుకు పెరిగిందో ఆమెకు వెంటనే తెలిసింది. ఇంట్లో ఎప్పుడూ మామ, తోపులో ఆడవాళ్ళు, షెడ్డులో ఊరంతా. రెండేళ్ళలో ఆమె ఒంటరిగా తలుపు వేసుకున్నది ఇదే మొదలు. గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి లాగి చూసింది. ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని, మస్తాన్ పేరు పెట్టి పిలుస్తూ, నోరు మూసుకోకుండా, వెక్కి వెక్కి కాదు, బిగ్గరగా ఏడ్చింది.

టీవీలో ఎవరో రొయ్యల చెరువులకు వేసే మేత గురించి చెబుతున్నారు. పోలయ్య శబ్దం ఇంకాస్త పెంచాడు.